పరుపుబండ మీంచి టైరు జారకుండా దిగడం: బెంగళూరు చుట్టుపక్కల మౌంటెన్ బైకింగ్

వెనక టైరు బిగుసుకుని గరగరమంటూ జారిందంటే రెండు పనులు ఒకేసారి చెడ్డట్టు. సైకిల్ మీ అదుపు తప్పింది, దారి మీద గీత పడింది. తర్వాతి వానకు నీళ్లు ఆ గీత వెంటే పారతాయి, మొరాన్ని కోసుకుపోతాయి, నాలుగు వానాకాలాలు గడిచేసరికి అక్కడ గాడి మిగులుతుంది. అందుకే నిటారు దారుల్లో బాగా తొక్కడం, దారిని చెడగొట్టకుండా తొక్కడం వేర్వేరు పాఠాలు కావు. కింద చెప్పేవి చాలావరకు టైరును జారనివ్వకపోవడం అనే ఒక్క పని చుట్టూ తిరుగుతాయి.

మీకు మట్టిరోడ్డు మీద ముప్పై, నలభై కిలోమీటర్లు తొక్కే అలవాటుంది, గేర్లు మార్చడం వచ్చు, ఇక బండలూ రాళ్లగుట్టలూ దిగాలనుకుంటున్నారు అనే లెక్కతో మొదలుపెడదాం.

దారి ఎవరిదో ముందు తేల్చుకోండి

విదేశాల్లో సైకిళ్ల కోసమే వేసిన దారులకు ఆకుపచ్చ, నీలం, నలుపు గుర్తులు ఉంటాయి. నల్ల డైమండ్ రెండుంటే మహా కష్టమని అర్థం. మన దగ్గర గుట్టల మీద దారులు మేకలవి, రైతులవి, గుడికి వెళ్లే భక్తులవి, అటవీశాఖవి. బోర్డు ఉండదు, గుర్తు ఉండదు. కాబట్టి వెళ్లొచ్చా అనేదీ, దిగగలనా అనేదీ రెండూ మీరే తేల్చుకోవాలి. మొదటి ప్రశ్న తేలాకే రెండోది.

రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా చొరబడటం 1963 నాటి కర్ణాటక అటవీ చట్టం ప్రకారం నేరం. కనకపుర రోడ్డు వైపు తురహళ్లి ఊరికి దగ్గరగా ఉంది, బండలు బాగుంటాయి. కానీ అది అటవీశాఖ భూమి. ఎవరో పోయిన నెల వీడియో పెట్టారని వెళ్లకండి. గేటు దగ్గర గార్డును అడగండి, వద్దంటే తిరిగొచ్చేయండి. కంచె పగిలిన చోటు నుంచి దూరేవాళ్ల వల్లే మిగతా సైకిళ్లన్నింటికీ తలుపు మూసుకుంటుంది. బన్నేరుఘట్ట నేషనల్ పార్కు ఏనుగులు తిరిగే అడవి, ఆ ఆలోచనే మానుకోండి. రామనగర దగ్గర రామదేవరబెట్ట 2012 నుంచి రాబందుల అభయారణ్యం. కొండచరియల మీద అవి గూళ్లు పెడతాయి, అక్కడా సైకిల్‌కు పని లేదు. స్కందగిరి, మాకళిదుర్గ లాంటి చోట్లకు ఆన్‌లైన్‌లో దొరికేది ట్రెక్కింగ్ టికెట్. అది కాళ్లకే గానీ చక్రాలకు కాదు.

మిగిలినవి ఊరి పొలిమేరల్లోని గుట్టలు, చెరువు కట్టలు, జామాయిల్ తోటల మధ్య బాటలు. అక్కడ అడగడమే అనుమతి. చిక్కబళ్లాపుర, గౌరిబిదనూరు, బాగేపల్లి వైపు పల్లెల్లో మన తెలుగే చక్కగా నడుస్తుంది. మాగడి, రామనగర వైపైతే "అణ్ణా, ఈ దారీలి సైకల్ హోగ్బహుదా?" (ఈ దారిలో సైకిల్ వెళ్లొచ్చా?) అని కన్నడంలో అడగండి. అడిగినవాడికి దారితో పాటు, అవతల చిరుత కనిపించిందనో, సోలార్ కంచె వేశారనో కబురు కూడా దొరుకుతుంది. సోలార్ కంచె తీగ సన్నగా ఉంటుంది, పొద్దున ఎండకు ఎదురుగా వస్తుంటే కనిపించదు. పొలం అంచున ఎప్పుడూ నెమ్మది.

నేలను చూసి రోజు నిర్ణయించండి

బెంగళూరులో మే నుంచి నవంబరు దాకా ఏ సాయంత్రమైనా వాన పడొచ్చు. నేల ఆరిందా అన్నది బండను చూసి చెప్పకండి. బండ రెండు గంటల ఎండకే ఆరిపోతుంది. దాని కాలి దగ్గర నీళ్లు దిగే మట్టి అన్నిటికంటే ఆఖరున ఆరుతుంది. మీరు వేగంగా వచ్చి దిగేది సరిగ్గా ఆ తడి మట్టిలోకే.

పరీక్ష సులువు. దారి మొదట్లో సైకిల్ దిగి పదడుగులు నెట్టుకుంటూ నడవండి. టైరు ముద్ర పైపైన పడితే సరే. వేలి మందాన దిగబడినా, ఎర్రమట్టి టైరుకు అంటుకుని, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దగ్గర ముద్దకట్టినా ఆ రోజు ఆ దారి వద్దు. మొరం ఎక్కువున్న గుట్టలు వాన వెలిశాక ఒక రోజులో సర్దుకుంటాయి. చెరువు పక్కన బంకనేల మూడు, నాలుగు రోజులు తీసుకుంటుంది.

దారి మధ్యలో నీటిగుంట వస్తే మధ్యలోంచే పోండి, నెమ్మదిగా. బట్టలు పాడవుతాయని పక్కనుంచి పోతే ఇవాళ అడుగు వెడల్పున్న బాట రేపు ఆరడుగులవుతుంది. ఈ మాట బండల మీది దొనలకు మాత్రం వర్తించదు. వానాకాలంలో పరుపుబండ మీద గుంటల్లో నిలిచే నీటిలో కప్పపిల్లలుంటాయి, చుట్టూ పలచటి మట్టి పొరలో చిన్న చిన్న మొక్కలు బతుకుతాయి. ఆ పొర ఒక్క టైరుకే చాపలా లేచిపోతుంది. దొన కనిపిస్తే బండ మీదుగా చుట్టి వెళ్లండి.

సైకిల్ సిద్ధం

ఈ దారులకు 120 నుంచి 140 మిల్లీమీటర్లు కుదించుకునే ఫోర్కు ఉండి, వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్ చాలు. ఫుల్ సస్పెన్షన్ ఉంటే ఒళ్లు తక్కువ నొప్పి పెడుతుంది, అంతే. డబ్బు పెట్టాలనుకుంటే ముందు టైర్లు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత సీటును బటన్‌తో కిందికి దించే డ్రాపర్ పోస్ట్. ఫ్రేము మార్చడం చివరి మాట.

టైరు 2.3 లేదా 2.4 అంగుళాలు, ట్యూబ్‌లెస్. ఇక్కడ పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, లాంటానా పుల్లలు ఉన్నాయి. ట్యూబుతో తొక్కితే సగం పొద్దు పంచర్లకే పోతుంది. 29 అంగుళాల చక్రానికి చిల్లులను లోపలి నుంచి మూసే ద్రవం, సీలెంట్, 100 నుంచి 120 మిల్లీలీటర్లు పోయండి. ఎండాకాలంలో రెండు నెలలకోసారి వాల్వ్ విప్పి, సన్నటి పుల్ల ముంచి చూడండి. పుల్లకు తడి అంటకపోతే సీలెంట్ ఎండి రబ్బరు ఉండలయిపోయినట్టే.

గాలి విషయంలో చాలామంది తప్పు చేస్తారు. రోడ్డు అలవాటు కొద్దీ 40 పిఎస్ఐ కొట్టి, రాళ్ల మీద టైరు ఎగురుతుంటే సస్పెన్షన్‌ను తిడతారు. బ్యాగుతో కలిపి 75 కిలోల మనిషికి, ట్యూబ్‌లెస్‌లో ముందు 22, వెనక 25 పిఎస్ఐతో మొదలుపెట్టండి. రాళ్ల మీద రిమ్ము తగిలి టంగుమంటే 2 పెంచండి. మలుపులో ముందు చక్రం పక్కకు జారుతుంటే 1 తగ్గించండి. ట్యూబు ఉంటే ఇంకో 5 ఎక్కువ ఉంచాలి, లేకపోతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా జంట చిల్లులు పడతాయి. పెద్ద పంపు మీది మీటరు ఇంత తక్కువ గాలిని సరిగ్గా చూపదు. విడిగా చిన్న గేజ్ కొనుక్కోండి.

ఫోర్కు మీద మీ బరువు మోపి నిలబడితే, అది కుదించుకోగల దూరంలో 20 శాతం దిగాలి. 140 మిల్లీమీటర్ల ఫోర్కుకు 28 మిల్లీమీటర్లు. వెనక షాక్ ఉంటే 28 నుంచి 30 శాతం. రీబౌండ్, అంటే కుదించుకున్న ఫోర్కు తిరిగి లేచే వేగం, చూడటానికి ఫుట్‌పాత్ అంచు మీంచి నెమ్మదిగా దిగండి: ఒక్కసారి లేచి నిలబడాలి. రెండుసార్లు ఊగితే రీబౌండ్ స్క్రూను నెమ్మది వైపు ఒకటి రెండు క్లిక్కులు తిప్పండి.

బ్రేకు లివర్ చూపుడువేలి మొదటి కణుపుకు అందాలి. ఒక్క వేలే బ్రేకుకు, మిగతా నాలుగూ గ్రిప్‌కు. ప్యాడ్ మీది పదార్థం ఒక మిల్లీమీటరు కంటే తగ్గితే మార్చేయండి. కొత్త ప్యాడ్లను నేరుగా కొండకు తీసుకెళ్లకండి. సమతలం మీద ఒక మోస్తరు వేగం నుంచి దాదాపు ఆగేదాకా, చక్రం బిగుసుకోకుండా, 20 సార్లు ఆపండి. ఇది చేయకపోతే బ్రేకు కీచుమంటుంది, పట్టుండదు. చైన్‌కు కొట్టే స్ప్రే రోటర్ (బ్రేకు ప్యాడ్లు పట్టుకునే డిస్కు) మీద పడితే కూడా ఇదే గతి. రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు గానీ, నూనె పీల్చిన ప్యాడ్లు సాధారణంగా చెత్తబుట్టకే.

మైదానంలో బ్రేకు సాధన

ఇది మానేసి నేరుగా గుట్ట ఎక్కేవాళ్లే ఎక్కువ. ఊళ్లో ఏదైనా మట్టి ఆటస్థలం చూసుకోండి. ఒక రాయి గుర్తు పెట్టండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, రాయి దగ్గర వెనక బ్రేకు మాత్రమే నొక్కి, చక్రం జారకుండా ఆగండి. ఎక్కడ ఆగారో గీత గీయండి. మళ్లీ వచ్చి ఈసారి రెండూ నొక్కండి, ముందుది ఎక్కువగా. తేడా కళ్లకే కనిపిస్తుంది. ఆపేటప్పుడు బరువు ముందుకు వస్తుంది, కాబట్టి ముందు టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనకది తేలికవుతుంది. దిగుడులో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అక్కడ వెనక బ్రేకునే నమ్ముకున్నవాడి టైరు బిగుసుకోక ఏమవుతుంది?

ముందు బ్రేకు నొక్కితే పల్టీ కొడతామన్న భయం చిన్నప్పటి నుంచీ ఉంటుంది. పల్టీకి కారణం ముందు బ్రేకు కాదు. దాన్ని ఒక్కసారిగా గుంజడం, చేతులు బిగబట్టి నిలబడటం. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా బిగించి, మెల్లగా వదలండి. నాలుగైదు సాయంత్రాలు ఇదే చేశాక గుట్టకు వెళ్లండి.

దిగే ముందు నడిచి చూడండి

కొత్త బండను ఎప్పుడూ సైకిల్ కింద పడేసి కాలినడకన దిగి చూడాలి. చూడాల్సినవి ఇవి.

ముందు అడుగు భాగం. బండ నేలను కలిసే చోట అంచు ఎలా ఉంది? వాలుగా కలిస్తే మంచిది. గుంటలా ఉంటే ముందు చక్రం అందులో పొడుచుకుంటుంది. ఆ తర్వాత ఆగడానికి పదిహేను, ఇరవై అడుగుల ఖాళీ లేకపోతే, అక్కడ చెట్టో గుండో ఉంటే, బండ ఎంత నున్నగా ఉన్నా దిగొద్దు.

తర్వాత పట్టు. పొడి గ్రానైట్ పట్టు అద్భుతం, నమ్మశక్యం కానంత. చెడగొట్టేవి దాని మీద ఉండేవి: రాలిన మొరం, జామాయిల్ ఆకులు, నాచు. బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, అవి వాన నీళ్లు పారే చోట పెరిగే సూక్ష్మజీవుల పూత. ఎండలో ఏమీ అనవు. తడిగా ఉంటే సబ్బు రాసినట్టే. నీడవైపు బండ మధ్యాహ్నం దాకా తడిగా ఉండొచ్చు, చేత్తో తాకి చూడండి.

ఆఖరున ఏటవాలు. చేతులు ఆన్చకుండా, పక్కకు తిరగకుండా, బూట్లతో మామూలుగా నడిచి దిగలేకపోతే, అది ఇవాళ మీ బండ కాదు. రెండో మాట లేదు.

పరుపుబండ దిగడం

సీటు పూర్తిగా దించండి. పెడళ్లు రెండూ సమంగా, మడమలు కిందికి. మోచేతులు బయటికి వంచి, గడ్డం హ్యాండిల్ వైపు. ఏటవాలు పెరిగేకొద్దీ నడుము వెనక్కి పోతుంది, నిజమే. కానీ పిర్రలు వెనక టైరు మీదకు వేలాడేసి చేతులు నిటారుగా చాపేస్తే ముందు చక్రం మీద బరువే ఉండదు. అప్పుడు హ్యాండిల్ తిప్పినా తిరగదు, ముందు బ్రేకు పట్టదు, చిన్న మెట్టు వచ్చినా హ్యాండిల్ మిమ్మల్ని ముందుకు లాగేస్తుంది. సరైన చోటు ఎక్కడో పాదాలే చెబుతాయి: బరువంతా పెడళ్ల మీద ఉండాలి, అరచేతుల్లో తోపుడూ లాగుడూ ఏదీ తెలియకూడదు.

బండ అంచుకు నడక వేగంతో చేరండి. అంచు దాటకముందే రెండు బ్రేకులూ తేలిగ్గా పట్టుకుని ఉండాలి. దాటాక కంగారుగా పట్టుకుంటే గుంజడమే అవుతుంది. బండ మీద నిటారుగా, నీరు పారే దిక్కున దిగండి. ఏటవాలుకు అడ్డంగా కోయకండి, టైరు అంచులు జారతాయి. చూపు అడుగు భాగం మీద. చక్రం ముందు రాయిని చూస్తే దాని మీదకే పోతారు.

ఇప్పుడు అసలు సంగతి. పట్టు ఉన్నచోట బ్రేకు వేయండి, పట్టు లేనిచోట వదిలేయండి. బండ మధ్యలో చారెడు మొరం పోగు కనిపించిందనుకోండి. దాని ముందున్న శుభ్రమైన రాయి మీదే వేగం తగ్గించి, మొరం మీదకు రాగానే వేళ్లు సడలించి దొర్లనివ్వండి, దాటాక మళ్లీ పట్టుకోండి. మొరం మీద బ్రేకు పట్టారా, చక్రం ఆగుతుంది, సైకిల్ ఆగదు. అడుగున మట్టిని తాకే చోటా ఇంతే: ఒక చక్రం దూరం ఉండగానే ముందు బ్రేకు వదిలేయాలి. అక్కడ ఫోర్కు కుదించుకుపోతుంది. బ్రేకు కూడా పట్టుకుని ఉంటే పల్టీ.

మధ్యలో భయమేస్తే? ఆగగలిగే వేగంలోనే ఉండాలి, అదే నియమం. ఆగి, కొండవైపు కాలు దించి, సైకిల్‌ను కింది వైపు వదిలి దిగండి. సైకిల్ గీసుకుపోతే పోనివ్వండి.

రాళ్లగుట్టలు, మెట్లు, మలుపులు

రాళ్లలో నెమ్మది ఎక్కువైనా కష్టమే. చక్రం ప్రతి సందులోనూ ఇరుక్కుంటుంది. ముందే బ్రేకు వేసి, లోపల పరిగెత్తే మనిషి వేగంతో, వేళ్లు తేలిగ్గా ఉంచి పోనివ్వండి. పెడల్ తొక్కితే రాయికి కొట్టుకుంటుంది, సమంగా ఉంచి దొర్లండి.

మెట్టు జానెడు లోపు ఉంటే దొర్లించి దిగొచ్చు. జానెడు దాటితే చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం) రాయికి తగలొచ్చు, పళ్లు వంగుతాయి. అంతకంటే ఎత్తయినవి దూకడం వేరే విద్య. ఊళ్లో అరుగు ఎత్తు దగ్గర నేర్చుకుని రండి.

ఇరుకు మలుపులో బయటి అంచు నుంచి ప్రవేశించి, మలుపుకు ముందే వేగం తగ్గించి, తల తిప్పి బయటికెళ్లే దారిని చూడండి. వెనక చక్రాన్ని జార్చి తిప్పడం వీడియోల్లో బాగుంటుంది. ఇక్కడి మొరం మలుపుల్లో ఒక్క ఆదివారం పదిమంది అలా తిప్పితే అంచు కూలిపోతుంది. తిరగలేకపోతే దిగి, వెనక చక్రం ఎత్తి తిప్పుకోండి. దారిని సులువు చేసుకోవడానికి కొమ్మలు నరకడం, రాళ్లు కదపడం, ర్యాంపులు కట్టడం కూడా అంతే. ఆ రాయి కింద ఏ తేలుందో తర్వాత సంగతి, ముందు ఆ భూమి మీది కాదు.

ఎదురొచ్చేవాళ్లు

మేకల మంద వస్తే బెల్లు కొట్టొద్దు. కింది వైపు పక్కకు దిగి, కాలు నేల మీద పెట్టి, కాపరిని పలకరించండి. మాట వినిపిస్తే పశువులు బెదరవు, చప్పుడు లేకుండా దూసుకొచ్చే సైకిల్‌కే బెదురుతాయి. కుక్క వెంటపడితే దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య ఉంచుకుని నడవండి. గుడి మెట్ల మీద సైకిల్ దించడం మాత్రం దయచేసి వద్దు. ఎక్కేవాళ్లకు ఎప్పుడూ దారి ఇవ్వండి. డిసెంబరు, జనవరిల్లో పల్లె రోడ్ల మీద రాగి కోత పరుస్తారు. దాని మీంచి పోతే గడ్డి గేర్లలో చుట్టుకుంటుంది, రైతుకు గింజ పాడవుతుంది, అంచు వెంట పోండి.

ట్రాక్‌ను స్ట్రావాలో (తొక్కిన దారిని అందరితో పంచుకునే యాప్) పెట్టేముందు ఒకసారి ఆలోచించండి. రైతు మీ ముగ్గురికి సరే అన్నాడు, ముప్పై మందికి కాదు.

దెబ్బ తగిలితే

ఒంటరిగా వెళ్లొద్దు, ముగ్గురైతే ఒకరు దెబ్బ తగిలినవారి దగ్గర ఉంటారు, ఒకరు రోడ్డుకు వెళ్తారు. చాలా గుట్టల వెనక సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, దగ్గరి ఊరి పేరు గుర్తుంచుకోండి. అంబులెన్సుకు 108, అన్ని అత్యవసరాలకూ 112. మనిషికి రెండు, ఎండాకాలమైతే మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. మోకాలి ప్యాడ్లు, నిండు వేళ్ల గ్లౌజులు తప్పనిసరి. ఒక్కసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది, మార్చాల్సిందే.

పడి లేచాక భుజం ఎత్తలేకపోతే కాలర్‌బోన్ విరిగిందేమో అనుకుని, చేతిని ఛాతీకి కట్టి, నడిపించి తీసుకురండి. తల తిరగడం, వాంతి, అడిగిందే అడగడం ఉంటే మళ్లీ సైకిల్ ఎక్కనివ్వొద్దు, ఆసుపత్రికే. పాము కాటేస్తే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకండి. కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా, యాంటీవెనమ్ ఉండే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు కనిపిస్తే వెంటనే పీకకండి. గాలి పోవడం లేదంటే ఇంటిదాకా అలాగే పోనివ్వండి. పోతుంటే ముల్లు తీసి, చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆగండి, సీలెంట్ అక్కడికి చేరి మూస్తుంది. మూయకపోతే చిల్లులో దూర్చే రబ్బరు ప్లగ్. అదీ పనిచేయక ట్యూబు వేయాల్సి వస్తే, ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తడిమి పాత ముళ్లన్నీ తీయండి. నెలల తరబడి సీలెంట్ మూసిన ముళ్లు అక్కడ పదైనా ఉంటాయి, ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబు పోతుంది.

ఇంటికొచ్చాక

టైర్ల సందుల్లో, బూట్ల అడుగున ఉన్న మట్టిని ఇంటికి బయల్దేరేముందే, గుట్ట దగ్గరే దులపండి. పార్థీనియం (వయ్యారిభామ) కలుపు విత్తనాలు ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు ఇలాగే ప్రయాణిస్తాయి. ఇంట్లో బకెట్ నీళ్లు, బ్రష్ చాలు. వాటర్ సర్వీసింగ్ షాపులో బైకుకు కొట్టే ప్రెషర్ నీళ్లు బేరింగుల్లో గ్రీజును కడిగేస్తాయి. వెనక టైరు పక్కగోడల మీద కోతలున్నాయేమో వేలితో తడిమి చూడండి. చైన్ ఆరాక ప్రతి కణుపు మీద ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ కొన్నిసార్లు వెనక్కి తిప్పి, పది నిమిషాలాగి, పైన ఉన్నదంతా పొడిగుడ్డతో తుడిచేయండి; పైన మిగిలిన నూనెకు ఎర్రదుమ్ము పట్టిందంటే మళ్లీ తొక్కేటప్పుడు అదే చైన్‌ను అరగదీస్తుంది.